పాత పేపర్ ఈఈజీలు కట్టలకొద్దీ ఉన్నాయి, కంప్యూటర్‌లోకి నంబర్లుగా ఎక్కించడం ఎలా?

సింగ్‌నగర్_ఈసీఈ

అందరికీ నమస్తే అండి. మాది విజయవాడ, ఇంజనీరింగ్ కాలేజీలో ఈసీఈ పాఠాలు చెప్తా. మా పెదనాన్న న్యూరాలజిస్టు, సూర్యారావుపేటలో చాలా ఏళ్ళు క్లినిక్ నడిపి ఈమధ్యే మానేశారు. ఆయన దగ్గర 80ల చివర్నుంచి 90ల దాకా తీసిన ఈఈజీలు కట్టలకొద్దీ ఉన్నాయి, అంటే తల మీద ఎలక్ట్రోడ్లు అంటించి మెదడు సిగ్నల్‌ని సిరా పెన్నులతో మడత పేపర్ మీద గీయించేవాళ్ళు చూడండి, అవి. అన్నీ అట్టపెట్టెల్లో సర్ది సింగ్‌నగర్ ఇంట్లో కింది గదిలో పెట్టారు, 2024 సెప్టెంబర్‌లో బుడమేరు నీళ్ళు వచ్చినప్పుడు అడుగు వరస పెట్టెలు తడిసి ముద్దయినయ్, పైవి బానే ఉన్నాయి. పెద్దమ్మేమో ఇంకా ఎందుకవి, పాతపేపర్ల అబ్బాయికి కిలోల లెక్కన వేసెయ్యండ్రా అంటుంది, పెదనాన్న ఒప్పుకోట్లేదు, వాటిల్లో ఇప్పుడు అరుదుగా కనపడే కేసులు ఉన్నాయంట, చిన్నప్పుడు తట్టు వచ్చిన పిల్లలకి కొన్నేళ్ళ తర్వాత వచ్చే ఎస్ఎస్‌పీఈ అనే మెదడు జబ్బు లాంటివి.

నా ఆలోచన ఏంటంటే వీటిని స్కాన్ చేసి గీతల్ని నంబర్లుగా మార్చి ఫైనలియర్ పిల్లల చేత ఎఫ్‌ఎఫ్‌టీ, వేవ్‌లెట్లు (సిగ్నల్‌లో ఏ ఫ్రీక్వెన్సీ ఎంతుందో తేల్చే లెక్కలు), కుదిరితే క్లాసిఫికేషన్ (ఏ రికార్డు ఏ జబ్బుదో కంప్యూటర్ చేత గుర్తుపట్టించడం) కూడా చేయించాలని. ఒక పేజీని ఫ్లాట్‌బెడ్‌లో స్కాన్ చేసి గ్రాఫు బొమ్మల్లోంచి నంబర్లు తీసే వెబ్‌ప్లాట్‌డిజిటైజర్‌లో పెట్టి చూశా. ఒక్క చానల్ వరకు పర్లేదు, కానీ పేజీకి 16 చానళ్ళు (ఒక్కో పెన్ను గీసే గీత ఒక చానల్), పెద్ద అలలు వచ్చిన చోట ఒకదాని గీత పక్కదాంట్లోకి దూరిపోతుంది, అదీగాక నిలువుగా లేవాల్సిన గీతలు కొంచెం వంపు తిరిగి ఉన్నాయి, స్కానర్ తేడానో పేపర్ సాగిందో అర్థం కాలా. సిగ్నల్ ప్రాసెసింగ్ అయితే వచ్చుగానీ ఈ పెన్నుల మెషీన్ నేనెప్పుడూ కళ్ళతో చూళ్ళేదు. ఎంత డీపీఐ (అంగుళానికి ఎన్ని చుక్కలు) పెట్టాలి, ఏ సాఫ్ట్‌వేర్ వాడాలి, అసలు ఇలా తీసిన డేటాని నమ్మొచ్చా, తడిసినవాటి సంగతేంటి, తెలిసినవాళ్ళు చెప్పండి ప్లీజ్.

బందరురోడ్_బుల్లోడు

సార్ ఇంత కష్టం ఎందుకు, ఫోన్‌తో ఫోటో తీసి ఏదో ఒక ఏఐకి పెట్టండి, సీఎస్‌వీ (నంబర్ల ఫైలు) చేసి ఇమ్మంటే ఇచ్చేస్తది

తాడేపల్లి_కోడర్

ఇస్తది బ్రో, ఎన్ని నంబర్లు అడిగితే అన్నీ ఇస్తది, అవి ఆ పేపర్ మీదున్న గీతవో కాదో ఎవరు చూడొచ్చారు? సార్, ఫోన్ స్కాన్ యాప్‌లు కూడా వద్దు, అవి వాటంతటవే అంచులు లాగి సరిచేస్తాయి, షార్ప్ చేస్తాయి. మనకి అడ్డంగా మిల్లీమీటర్ అంటే టైమ్, నిలువుగా మిల్లీమీటర్ అంటే మైక్రోవోల్టులు, దాన్నే కదిలించేస్తే ఇంకేం మిగల్దు. నేను ఈసీజీ పేపర్ల మీద ఇలాంటి పని చేశా, రాత్రికి కూర్చుని వివరంగా రాస్తా.

కొత్తపేట_పెన్నూసిరా

మాస్టారూ, నేను గుంటూరు కొత్తపేటలో ఈఈజీ టెక్నీషియన్‌గా చేసి రిటైరయినవాణ్ణి. మీ స్కానర్ తప్పేం లేదు, పేపరూ సాగలా. ఆ వంపు పెన్నుది. పెన్ను ఒక కొస గాల్వనోమీటరుకి బిగించి ఉండిద్ది, అది కారు వైపర్ లాగా అటూ ఇటూ ఊగిద్దే గానీ నిటారుగా పైకీ కిందకీ జరగదు. అందుకని అల చిన్నదయితే తెలవదు, పెద్దదయ్యేకొద్దీ గీత కొస పక్కకి వంగిద్ది, వంగిన మేర టైమ్ తప్పు చూపిచ్చిద్ది. పెన్ను పొడవు తెలిస్తే లెక్కేసి సరిచెయ్యొచ్చు. మెషీన్ ఇప్పుడు లేదు కదా పొడవెట్టా అంటారేమో, పేపర్ ఆపేసి కాలిబ్రేషన్ బటన్ నొక్కిన చోటు ఏదో ఒక కట్టలో దొరికిద్ది, పేపర్ కదలకుండా పెన్ను ఒక్కటే ఊగితే పడే గీత అచ్చంగా వృత్తం ముక్క, దానికి వృత్తం కలిపి చూడండి, వ్యాసార్థమే పెన్ను పొడవు. సీమెన్స్ వాళ్ళది మింగోగ్రాఫ్ అని ఒకటి ఉండేది, దాంట్లో పెన్ను బదులు సన్న గొట్టంలోంచి సిరా చిమ్మిద్ది, దానికి ఈ వంపు గొడవే లేదు. మీకు వంపు కనపడుతుందంటే అది కాదనుకోండి, అయినా ఏ మెషీనో మీ పెదనాన్నగార్ని ఒక మాట అడగండి, మధ్యలో మెషీన్ మార్చి ఉంటే పొడవూ మారిపోయిద్ది.

అసలు గీతల జోలికి పోకముందు అంచుల మీద రాసింది చదవండి. ఇప్పటి పిల్లలు స్కాన్ చేసేటప్పుడు ముందు అంచులే కత్తిరిస్తారు, అదే పని చెయ్యబాకండి. మేం చేత్తో రాసేవాళ్ళం, పేపర్ స్పీడు ఎంత, సెన్సిటివిటీ ఎంత, ఫిల్టర్లు ఏంటి, మాంటేజ్ (ఏ పెన్నుకి ఏ ఎలక్ట్రోడ్లు కలిపామనే వరస) ఏది, కళ్ళు మూశాడా తెరిచాడా, నిద్రపోయాడా, పక్కన తల్లి పట్టుకుందా, అన్నీ. మామూలుగా స్పీడు సెకనుకి 30 మి.మీ., అంటే 10 సెకన్లకి 300 మి.మీ., అదే ఒక పేజీ. సెన్సిటివిటీ మి.మీ.కి 7 మైక్రోవోల్టులు. హై ఫిల్టరు 70 హెర్ట్జ్, టైమ్ కాన్‌స్టెంట్ 0.3 సెకన్లు. ఇవి మామూలుగా పెట్టేవి, ప్రతి రికార్డులో ఇవే ఉంటయ్యని మాత్రం అనుకోబాకండి. పిల్లోడికి ఫిట్స్ వచ్చి పెన్నులు ఒకదాన్నొకటి దాటిపోతుంటే రికార్డు నడుస్తుండగానే గెయిన్ తగ్గించి పక్కన 10 అనో 15 అనో గీకి పడేసేవాళ్ళం, అక్కణ్ణించి మి.మీ.కి మైక్రోవోల్టులు వేరే. మీరది చూసుకోకపోతే ఫిట్స్ టైములో అలలు సగానికి చిన్నవై కనపడతయ్, పిల్లలు దాని మీద రీసెర్చ్ పేపర్ రాసేస్తారు. కొంతమంది పేపర్ ఆదాకి 15 స్పీడులో కూడా నడిపేవాళ్ళు, 30 స్పీడులో 20 నిమిషాల రికార్డుకి 36 మీటర్ల పేపరు పోయిద్ది మరి.

రికార్డు మొదట్లో, చివర్లో కాలిబ్రేషన్ ఉండిద్ది, అన్ని చానళ్ళకీ ఒకేసారి 50 మైక్రోవోల్టుల పల్సు. ఆ పేజీ లేని రికార్డుని పక్కన పెట్టెయ్యండి, గీతలు చూడ్డానికి పనికొస్తయ్ గానీ కొలవడానికి పనికిరావు. 7లో పెడితే పల్సు ఎత్తు 7 మి.మీ. చిల్లర రావాలి, ప్రతి పెన్నుకీ కొంచెం కొంచెం తేడా ఉండిద్ది, ఏ పెన్ను ఎంత గీసిందో దాన్ని బట్టే ఆ చానల్‌కి లెక్క కట్టండి. అన్నిటికీ పల్సు ఒకేసారి వెళ్ళింది కాబట్టి అన్ని పెన్నులూ ఒకే నిలువు గీత మీద లేవాలి, లేవవు, ఒక పెన్ను కొస అర మిల్లీమీటరు ముందుకి ఉండిద్ది, ఇంకోటి వెనక్కి, ఆ తేడా కూడా అక్కడే కొలిచి చానల్ చానల్‌కీ టైమ్ సర్దాలి. ఫిల్టరు ఏం పెట్టారో రాయకపోయినా అదే పల్సు చెప్పుద్ది, పైకి లేచినాక ఆ ఎత్తు 37 శాతానికి పడిపోడానికి పట్టిన టైమే టైమ్ కాన్‌స్టెంట్, 30 స్పీడులో 9 మి.మీ. దూరం వస్తే 0.3, 3 మి.మీ.కే పడిపోతే 0.1.

ఇంకోటి మర్చిపోబాకండి, ఈఈజీలో గీత పైకి లేస్తే నెగటివ్. ఈసీఈ పిల్లలు పైన ప్లస్ కింద మైనస్ అని ఎక్కించేస్తారు, మొత్తం తలకిందులయిద్ది.

తడిసినవాటి సంగతి, ఆ సిరా నీళ్ళకి కరిగే రకం, బుడమేరు నీళ్ళలో నానితే గీత ఊరిపోయి ఉండిద్ది. అతుక్కుపోయిన మడతల్ని బలవంతంగా లాగబాకండి, పై పొర సిరాతో సహా లేచొచ్చుద్ది.

తాడేపల్లి_కోడర్

పైన బాబాయ్ గారు రాసింది ప్రింట్ తీసి ల్యాబ్‌లో అంటించండి సార్, సగం పని అదే. నేను కంప్యూటర్ వైపు చెప్తా.

డీపీఐ లెక్క చాలా సింపుల్. 300 డీపీఐ అంటే మి.మీ.కి 11.8 పిక్సెళ్ళు, 30 మి.మీ. స్పీడులో సెకనుకి 354 పిక్సెల్ కాలమ్‌లు, అంటే పేరుకి 354 హెర్ట్జ్ శాంప్లింగ్. 10 హెర్ట్జ్ ఆల్ఫా అల (కళ్ళు మూసుకున్నప్పుడు బాగా కనపడేది) ఒక్కోటి 3 మి.మీ., 35 పిక్సెళ్ళు, హాయిగా కనపడుద్ది. నిలువుగా 7 మైక్రోవోల్టుల సెట్టింగ్‌లో ఒక పిక్సెల్ 0.6 మైక్రోవోల్టులు, 50 మైక్రోవోల్టుల కాలిబ్రేషన్ పల్సు 84 పిక్సెళ్ళ ఎత్తు వస్తది. 600 పెడితే అన్నీ డబుల్. కానీ డీపీఐ పెంచుకుంటూ పోతే కొత్త సమాచారం ఏం రాదు సార్, ఎందుకంటే సిరా గీతకే ఒక మందం ఉంది కదా, 0.3 మి.మీ. అనుకోండి, 30 స్పీడులో అదే 10 మిల్లీసెకన్లు, దానికన్నా దగ్గరగా ఉన్న కదలికలు ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. పేరుకి 354 ఉన్నా అసలు నమ్మదగింది చాలా తక్కువ, నేనైతే 30 హెర్ట్జ్ పైన కనపడే దేన్నీ ముట్టుకోను. 600లో స్కాన్ చేసి దాచుకోండి, మళ్ళీ మళ్ళీ తియ్యలేం కాబట్టి, పని మాత్రం 300లో నడిపించండి, పిల్లల ల్యాప్‌టాప్‌లు తట్టుకోవాలి.

కలర్‌లో స్కాన్ చెయ్యాలి, బ్లాక్ అండ్ వైట్ అస్సలొద్దు. పేపర్ మీద ముందే ముద్రించిన నిలువు గీతలు లేత రంగులో ఉంటాయి, సిరా వేరే రంగు, బుడమేరు మరక ఇంకో రంగు, కలర్ ఉంటేనే వీటిని విడదీయగలం. సేవ్ చేసేది టిఫ్ గానీ పీఎన్‌జీ గానీ, జేపెగ్ అయితే గీత అంచుల చుట్టూ మసక గీతలు పుట్టిస్తది, తర్వాత త్రెషోల్డ్ చేసేటప్పుడు (సిరాని పేపర్ నుంచి విడదీసేటప్పుడు) ఏడిపిస్తది.

ముద్రించిన నిలువు గీతల్ని, పేజీ అంచున మెషీన్ టైమ్ మార్కర్ వేసిన సెకను గుర్తుల్ని రెండిటినీ వాడుకోండి. మొదటిది స్కాన్‌లో పేజీ ఎంత వంకరగా పడిందో చెప్తది, రెండోది మోటారు నిజంగా 30లోనే తిరిగిందా లేదా చెప్తది. సెకను గుర్తుల మధ్య దూరం 29 వస్తే మీ 10 హెర్ట్జ్ ఆల్ఫా 10.3 అయి కూర్చుంటది, పేజీ పేజీకీ చెక్ చెయ్యాలి.

ఇక గీత పట్టుకోవడం. అందరూ మొదట చేసేది ఒక్కో కాలమ్‌లో నల్ల పిక్సెళ్ళ సగటు తీసుకోవడం, ఓపెన్‌సీవీ అనే ఇమేజ్ లైబ్రరీలో పది లైన్ల కోడ్. అల మెల్లగా ఉన్న చోట బానే వస్తది, స్పైక్ (సూదిలాంటి అల) దగ్గర గీత దాదాపు నిలువుగా ఉంటది కాబట్టి ఒకే కాలమ్‌లో 60 పిక్సెళ్ళు నల్లగా ఉంటాయి, సగటు తీస్తే స్పైక్ తల ఎగిరిపోద్ది. అంటే డాక్టర్లకి ఏది కావాలో సరిగ్గా అదే పోద్ది. పెన్ను వంపు వల్ల ఇంకో తిరకాసు, పెద్ద అల దగ్గర గీత వెనక్కి కూడా తిరగొచ్చు, ఒకే కాలమ్‌లో ఒకే చానల్ రెండుసార్లు కనపడుద్ది. అందుకని ముందు గీతని సన్నం చేసి, పెన్ను వెళ్ళిన దారి వెంటే ఎడమ నుంచి కుడికి నడుచుకుంటూ పాయింట్లు తీసుకోవాలి, ఆ తర్వాతే వంపు సరిచెయ్యాలి, ఆ తర్వాతే సమాన టైమ్ గ్యాప్‌లోకి ఇంటర్‌పొలేట్ చెయ్యాలి (మధ్య విలువలు లెక్కగట్టి నింపాలి), 200 హెర్ట్జ్ చాలు. ఈ వరస తప్పితే మళ్ళీ మొదటికొస్తారు.

వంపు ఎంత ఉంటదో ఒక లెక్క. పెన్ను పొడవు 100 మి.మీ. అనుకుందాం, మీది ఎంతో కొలవాలి. అల 10 మి.మీ. లేస్తే పక్కకి జరిగేది అర మి.మీ., అంటే 17 మిల్లీసెకన్లు. 20 మి.మీ. లేస్తే 2 మి.మీ. జరుగుద్ది, 67 మిల్లీసెకన్లు. ఎత్తు డబులయితే తప్పు నాలుగింతలు. అదే ఎత్తులో వచ్చే తేడా మాత్రం 20 మి.మీ.కి 0.14 మి.మీ.యే, దాన్ని వదిలేసినా పర్లేదు.

చానళ్ళు దాటుకున్న చోట, డైనమిక్ ప్రోగ్రామింగ్ పెట్టి ఏ దారిలో వెళ్తే గీత నున్నగా సాగుద్దో వెతికించండి, వాలు ఒక్కసారిగా మారిపోయే దారికి పెనాల్టీ వెయ్యండి. రెండు గీతలు ఒకేచోట తాకి విడిపోతే దాటుకున్నయ్యా లేక తాకి వెనక్కెళ్ళినయ్యా అని మనిషికే అనుమానం వస్తది, అలాంటి చోట్ల బలవంతంగా నంబర్ పెట్టకుండా ఖాళీ వదిలి మార్క్ చెయ్యండి.

ఈసీజీ వాళ్ళకి ఈ పని చాలా ముందుకెళ్ళింది, ఫిజియోనెట్ (వైద్య సిగ్నళ్ళ ఓపెన్ డేటా సైట్) 2024 చాలెంజే పేపర్ ఈసీజీ ఇమేజ్‌ల నుంచి సిగ్నల్ తియ్యడం మీద పెట్టారు, ఆ కోడ్‌లు ఓపెన్‌గా ఉన్నాయి, చూడండి. కాకపోతే ఈసీజీకి గళ్ళ పేపరు, 25 మి.మీ. స్పీడు, ఇంచుమించు అందరిదీ ఒకటే పద్ధతి. ఈఈజీకి ఆ సుఖం లేదు.

అన్నిటికన్నా ముందు ఒక పని చేయించండి సార్. మీ పేపర్లు ముట్టుకోకుండా, ఫిజియోనెట్‌లో సీహెచ్‌బీ-ఎంఐటీ అని బోస్టన్ పిల్లల ఆస్పత్రి డిజిటల్ ఈఈజీ డేటా ఫ్రీగా ఉంది, 256 హెర్ట్జ్. దాన్ని మీరే పేపర్ మీద గీసినట్టు ఇమేజ్‌గా మార్చండి, 16 చానళ్ళు, వంపు, సిరా మందం, లేత నిలువు గీతలు, మరకలు అన్నీ పెట్టి. ఆ ఇమేజ్‌ని మీ ప్రోగ్రాంకి ఇచ్చి నంబర్లు తీయించి అసలు డేటాతో పోల్చండి. డెల్టా, తీటా, ఆల్ఫా, బీటా (మెల్లటి అలల నుంచి వేగమైన అలల దాకా వరసగా) ఒక్కోదాంట్లో ఎంత తప్పు వస్తుందో అప్పుడు మీకే తెలుస్తది. ఇది చెయ్యకుండా అసలు పేపర్ల మీద పడితే వచ్చిన నంబర్ కరెక్టో కాదో చెప్పడానికి ఏ ఆధారం ఉండదు. యూ-నెట్ లాంటి ఇమేజ్ మోడల్‌ని ట్రైన్ చెయ్యాలన్నా ఇవే ఇమేజ్‌లు పనికొస్తాయి.

మంగళగిరి_న్యూరో

మంచి చర్చ అండి. నేను న్యూరాలజిస్టుని, చదువుకునే రోజుల్లో పేపర్ ఈఈజీల మీదే స్కేలు పెట్టి కొలిచినదాన్ని. గీత నుంచి నంబర్లు తియ్యడం మనం కొత్తగా కనిపెట్టిందేం కాదు. జర్మనీలో జెనా అనే ఊళ్ళో హాన్స్ బెర్గర్ 1924లో మొదటిసారి మనిషి ఈఈజీ రికార్డు చేసి 1929లో ప్రచురించాడు, 1932కల్లా డీట్ష్ అనే ఆయన ఆ గీతల్ని కొలిచి ఫోరియర్ విశ్లేషణ చేసి చూపించాడు, అప్పటికి కంప్యూటర్లు లేవు, ఎంత ఓపికో ఆలోచించండి.

మీరు అడిగిన వాటిల్లో అసలు ప్రశ్న, నమ్మొచ్చా అన్నది. దేనికి అనేదాన్ని బట్టి ఉంటుంది. ఎస్ఎస్‌పీఈనే తీసుకోండి. దాంట్లో పెద్ద పెద్ద కాంప్లెక్సులు దాదాపు సమాన విరామంతో, తరచుగా 4 నుంచి 10 సెకన్లకొకసారి వస్తుంటాయి. ఆ విరామం కొలవడానికి, రోగం ముదిరేకొద్దీ అది ఎలా మారిందో చూడ్డానికి మీ స్కాన్ డేటా దివ్యంగా సరిపోతుంది, మిల్లీసెకన్ల తప్పు అక్కడ లెక్కలోకే రాదు. పైగా మన దేశంలో తట్టు టీకా సార్వత్రిక టీకాల కార్యక్రమంలోకి వచ్చిందే 1985లో, తట్టు వచ్చిన కొన్నేళ్ళకి గానీ ఈ జబ్బు బయటపడదు, కాబట్టి 80ల చివర, 90ల కట్టల్లో ఆ కేసులు ఉన్నాయని మీ పెదనాన్నగారు అనడంలో ఆశ్చర్యం లేదు. వాటిని అమ్మెయ్యనివ్వకండి. అలాగే ఆబ్సెన్స్ (ఉన్నట్టుండి కాసేపు స్పృహ తప్పే ఫిట్స్) ఉన్న పిల్లల్లో సెకనుకి 3 చొప్పున వచ్చే స్పైక్ అండ్ వేవ్ ఎంతసేపు ఉంది, ఊపిరి గట్టిగా తీయించినప్పుడు ఎన్నిసార్లు వచ్చింది, కళ్ళు మూసినప్పుడు ఆల్ఫా ఎంత ఫ్రీక్వెన్సీలో ఉంది, ఇవన్నీ బాగా వస్తాయి.

నమ్మకూడనివి, ఒకటి స్పైక్ ఎంత సూదిగా ఉందనేది. 20 నుంచి 70 మిల్లీసెకన్లయితే స్పైక్, 70 నుంచి 200 అయితే షార్ప్ వేవ్ అంటాం. 30 స్పీడులో 20 మిల్లీసెకన్లు 0.6 మి.మీ., గీత మందమే దాంట్లో సగం ఉంటే మీ ప్రోగ్రాం ఇచ్చే 68కీ 74కీ అర్థం లేదు. గామా (బీటా కన్నా వేగమైన అలలు) అసలు వద్దు, 70 హెర్ట్జ్ ఫిల్టరు, పెన్ను బరువు, 50 హెర్ట్జ్ కరెంటు మోత, కండరాల కదలిక అన్నీ కలిసి అక్కడ ఏముందో దేవుడికే తెలియాలి.

క్లాసిఫికేషన్ అన్నారు చూడండి, దాని గురించి నాకు కొంచెం భయం. మీ దగ్గర ఎస్ఎస్‌పీఈ పేపర్లు ఉన్నాయని వాటిని ఒక పక్క, నార్మల్ కోసం ఇప్పటి డిజిటల్ ఈఈజీలు ఇంకో పక్క పెట్టి మోడల్ ట్రైన్ చేశారనుకోండి, 99 శాతం వచ్చినా ఆశ్చర్యం లేదు, అది నేర్చుకునేది జబ్బుని కాదు, పెన్నుల మెషీన్‌కీ డిజిటల్ మెషీన్‌కీ ఉన్న తేడాని. నార్మల్ కూడా అదే క్లినిక్, అదే మెషీన్, అదే కాలం పేపర్ల నుంచే రావాలి.

మాంటేజ్ సంగతి కూడా చెప్పాలి. డిజిటల్‌లో అయితే ఒకసారి రికార్డు చేసి తర్వాత ఏ మాంటేజ్‌లో కావాలంటే అందులో చూస్తాం. పేపర్‌లో ఏది గీస్తే అదే. బైపోలార్ (పక్క పక్క ఎలక్ట్రోడ్ల మధ్య తేడా గీసే) వరసలో పక్క పక్క చానళ్ళని కూడితే, ఉదాహరణకి ఎఫ్‌పీ1-ఎఫ్3, ఎఫ్3-సీ3 (ఇవి తల మీద ఎలక్ట్రోడ్ల చోట్ల పేర్లు) కలిపితే ఎఫ్‌పీ1-సీ3 వస్తుంది, కానీ రెండు గీతల తప్పులూ కలిసొస్తాయి, పైన చెప్పిన పెన్ను టైమ్ తేడా సర్దకపోతే ఇంకా ఘోరం. ప్రతి ఎలక్ట్రోడ్‌నీ ఒకే ఉమ్మడి రిఫరెన్స్‌తో పోల్చే మాంటేజ్‌కి మాత్రం వెనక్కి వెళ్ళలేరు.

మొదటి పేజీ మీద పేషెంటు పేరు, వయసు, ఒక్కోసారి ఊరు కూడా ఉంటాయి. ఆ పేజీ విడిగా స్కాన్ చేసి తాళం వేసి ఉంచండి, పిల్లల చేతికి వెళ్ళే ఫైళ్ళకి కోడ్ నంబర్లే ఉండాలి. చదువు కోసమే కదా అని వదిలెయ్యకండి, కాలేజీ ఎథిక్స్ కమిటీకి ముందే పెట్టండి, ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 గైడ్‌లైన్స్ ప్రకారం గుర్తులు తీసేసిన పాత రికార్డులకి కన్సెంట్ మినహాయింపు అడగొచ్చు, ఇచ్చేది లేనిదీ కమిటీ ఇష్టం. 2023 డేటా ప్రొటెక్షన్ చట్టం కూడా వచ్చింది, మీ లీగల్ వాళ్ళని కనుక్కోండి.

సింగ్‌నగర్_ఈసీఈ

అబ్బా, ఇంత వస్తుందని అనుకోలేదండి, అందరికీ చాలా థాంక్స్. నిన్న పెదనాన్నతో కూర్చుని ఒక పెట్టె విప్పాం. బాబాయ్ గారు చెప్పినట్టే అంచుల మీద బోలెడు రాసి ఉంది, ఇన్నాళ్ళూ అది చెత్త గీతలనుకున్నా. కాలిబ్రేషన్ చాలావాటికి ఉంది. కొన్నిటి మీద స్పీడు 15 అని ఉంది. పేపర్ ఆపి కాలిబ్రేషన్ కొట్టిన చోటు కూడా దొరికింది, చిన్న వంపు గీత, చూడగానే నవ్వొచ్చింది. పెదనాన్న మెషీన్ మధ్యలో మార్చలేదన్నారు.

ఇంకో మూడు సందేహాలు. 15 స్పీడు రికార్డుల్ని ఏం చెయ్యాలి, 300 మి.మీ. పేజీ మా ఏ3 స్కానర్‌లో కొంచెంలో పట్టట్లేదు, కొన్ని కట్టల మీద మాంటేజ్ బదులు ఉత్త 2, 3 అని నంబర్లే ఉన్నాయి, ఏ పెన్ను ఏ ఎలక్ట్రోడ్‌దో ఎట్టా తెలుసుకోవడం?

గవర్నర్‌పేట_జిరాక్స్

ఏ3 గాజు ఒక వైపు 420 ఉన్నా రెండో వైపు 297 మి.మీ.యే ఉంటది కదా, పేపర్ వెడల్పు కూడా 297 దాటితే ఎటు తిప్పినా కొంచెం బయటకి పోతుంది. పేజీని రెండుసార్లు కొంచెం జరిపి తీసి కలపండి, కలిపేటప్పుడు రెండిట్లోనూ కనపడే నిలువు గీతని గుర్తు పెట్టుకోండి. ఇంజనీర్ల ప్లాన్లు స్కాన్ చేసే పెద్ద రోల్ స్కానర్లు ఉన్న షాపులు బెజవాడలో దొరుకుతాయి, మడత విప్పి పొడుగ్గా లాగించొచ్చు, కానీ రోలర్ మడత దగ్గర జారుద్ది, అక్కడ పొడవు తేడా వస్తది. పాత పేపరు చిరిగే భయం కూడా ఉంది, తడిసి ఆరినవైతే అస్సలు పెట్టొద్దు. వాటికి పైన కెమెరా స్టాండు, కింద బల్ల, పేపర్ మీద గాజు పలక, రెండు వైపుల నుంచి లైటు, పక్కన ఒక స్కేలు పెట్టి ఫోటో తియ్యండి, అంతకన్నా దారి లేదు.

తాడేపల్లి_కోడర్

రోల్ స్కానర్ జారినా టైమ్ మార్కర్ ఉంది కాబట్టి సెకను సెకనుకీ విడిగా సరిచెయ్యొచ్చు, సెకను లోపల జారితే మాత్రం ఏం చెయ్యలేం.

15 స్పీడుకి 600 డీపీఐ పెడితే పేరుకి అదే 354 వస్తది గానీ, 0.3 మి.మీ. గీత ఇప్పుడు 20 మిల్లీసెకన్లు. ఆల్ఫా దాకా ఓకే, బీటా మీద ఆశ పెట్టుకోవద్దు. 30వీ 15వీ కలిపి ఒకే లెక్క వెయ్యకండి. మేడం గారు చెప్పిన ఎస్ఎస్‌పీఈ విరామాలకైతే 15వి నిక్షేపంగా పనికొస్తాయి.

చివరికి ఈడీఎఫ్‌లో సేవ్ చెయ్యండి, ఈఈజీ లాంటి సిగ్నళ్ళకి 1992 నుంచి ఉన్న ఫార్మాట్, పైథాన్‌లో రాయొచ్చు, ఈడీఎఫ్‌బ్రౌజర్‌లోనూ ఎంఎన్ఈలోనూ తెరుచుకుంటది. హెడర్‌లో ప్రతి చానల్‌కీ ఫిల్టర్ రాసే చోటు ఉంది, ఖాళీ వదలొద్దు, పేషెంటు పేరు పెట్టే చోటు కూడా ఉంది, దాంట్లో కోడ్ నంబరే పెట్టండి. ఈడీఎఫ్ ప్లస్ అయితే అంచు మీద రాసిన కళ్ళు మూశాడు, గెయిన్ మార్చాం లాంటివి టైమ్‌తో సహా ఎక్కించొచ్చు. స్కాన్ ఇమేజ్‌లు మాత్రం ఎప్పటికీ డిలీట్ చెయ్యకండి, రెండేళ్ళ తర్వాత ఇంకా మంచి ప్రోగ్రాం వస్తే మళ్ళీ అక్కణ్ణించే మొదలుపెట్టాలి.

కొత్తపేట_పెన్నూసిరా

2, 3 అనేది మెషీన్ మీద మాంటేజ్ స్విచ్ నంబరు మాస్టారూ. ఏ నంబరుకి ఏ లీడ్లు (ఎలక్ట్రోడ్లు) అనేది క్లినిక్ క్లినిక్‌కీ వేరే పెట్టుకునేవాళ్ళు, మెషీన్ పక్కన ఒక అట్ట మీద రాసి తగిలించేవాళ్ళు. ఆ అట్ట ఉందేమో చూడండి. లేకపోయినా ఫర్లా, ఎక్కడో ఒక రికార్డులో టెక్నీషియను మాంటేజ్ మార్చినప్పుడు ఎడమ అంచున పెన్నుకి ఎదురుగా లీడ్ల పేర్లు రాసే ఉంటాడు, అదే నంబరున్న మిగతావాటికి అదే వాడండి.

అదీ దొరక్కపోతే గీతే చెప్పుద్ది. రెప్ప కొట్టినప్పుడు ముందువైపు లీడ్లు, ఎఫ్‌పీ ఉన్న చానళ్ళల్లో గీత ఒక్కసారి కిందకి పెద్దగా దిగిద్ది. కళ్ళు మూసుకున్నాక వెనకవైపు, ఓ1, ఓ2 ఉన్న చానళ్ళల్లో ఆల్ఫా బాగా కనపడిద్ది. ఈ రెండూ పట్టుకుంటే ముందేదో వెనకేదో తేలిపోయిద్ది, ఎడమ కుడి మాత్రం దీంతో తేలదు, దానికి రాత కావాల్సిందే. ఇంకో ఉపయోగం ఏంటంటే, కంప్యూటర్‌లోకి ఎక్కించినాక ఆ రెప్ప కొట్టిన చోట ఎఫ్‌పీ1-ఎఫ్3లో నంబరు ప్లస్ రావాలి. మైనస్ వచ్చిందంటే మీ పిల్లలు పైకి ప్లస్ పెట్టేశారని లెక్క.